బిస్కెట్ల డబ్బాలో అడ్వాన్సు

గ్రీనక్‌లో వాన పడదు,
ఉంటుంది.
పొద్దున్నే తలుపు తీస్తే
మెట్ల దగ్గర ఆరేసిన గొడుగులా
అక్కడే ఉంటుంది.

ఓడల యార్డు ఆఖరి గేటు మూసిన ఏడు
ఫర్గస్ చేతికొచ్చిన సెటిల్మెంటు డబ్బుతో
కొండవాలున, ఎనిమిది వాటాల మేడలో
ఒక ఫ్లాటు కొన్నాం.
"మనం పనిమానేసినా గోడలు జీతం తెస్తాయి, ఎల్స్పెత్" అన్నాడు.
తను ముందు పోయాడు.
గోడలు జీతం తెచ్చాయి, నిజమే.
సగం బాయిలరు తాగింది.
పైకప్పు కారిన చలికాలం
మిగిలిన ఏడు వాటాలవాళ్ళలో
ఇద్దరే తలుపు తీశారు.

రోనా వచ్చిన రోజు
చంకలో పిల్లాడు, భుజాన తడిసిన సంచి.
అయిదువందల పౌండ్లు, అన్నీ ఇరవై నోట్లు,
రెండుసార్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది.
నేను ఒక్కసారే లెక్కపెట్టాను.
వెన్న బిస్కెట్ల రేకు డబ్బాలో దాచి
మూత మీద కాగితం అంటించాను:
రోనాది. ముట్టకు.
ముట్టుకోలేదు.
కరెంటు బిల్లు ఎర్రక్షరాలతో వచ్చిన నెల కూడా
డబ్బా వంక ఒకసారి చూసి
కోటు వేసుకుని పడుకున్నాను.

చట్టానికి డబ్బాలు తెలియవు.
ముప్ఫై పనిదినాల్లోగా
నమోదైన పథకంలో జమ చెయ్యాలట.
ఎక్కడో రాసుంది, ఎవరికో తెలుసు,
నాకెవరూ చెప్పలేదు.
చెప్పలేదనడం జవాబు కాదని మాత్రం
తర్వాత చెప్పారు.

పడకగది మూల నల్లటి మచ్చ,
మొదట అరచెయ్యంత.
"కిటికీ కాస్త తీసి ఉంచమ్మా" అన్నాను.
జనవరిలో. ఆ నది గాలికి.
రెండోసారి చెబితే తెల్లరంగు డబ్బా ఇచ్చాను.
మూడోసారి ఆమె మచ్చ మాట ఎత్తలేదు,
మెట్ల మీద ఎదురై
పిల్లాడి దగ్గు గురించి చెప్పింది.
చెవిన వేసుకున్నాను.
మనసుకు తీసుకోలేదు.

ట్రిబ్యునలంటే బల్లలూ నల్లకోట్లూ అనుకున్నాను.
ఫోను.
ఎవరూ చూడరని తెలిసీ
చర్చికి వేసుకెళ్ళే కోటు తొడుక్కుని
వంటింట్లో కూర్చున్నాను.
ఎదురుగా డబ్బా.

"జమ చేసిన తేదీ?"
"అదే రోజండీ, సాయంత్రం."
"ఏ పథకంలో?"
మూత మీది కాగితం చదివి వినిపించాను.
అటువైపు ఎవరో పేజీ తిప్పారు.
ఎవరూ అడక్కుండానే రోనా అంది:
"ఆవిడ నా డబ్బు తినలేదండీ."
కాసేపాగి,
"కానీ ఆ గదిలో నేను పిల్లాణ్ణి పడుకోబెట్టాను."

రెండూ నిజమే.
రెండు నిజాల్నీ ఒకే ఉత్తర్వులో రాసి
ఏడువందల యాభై వేశారు.
అడ్వాన్సు వేరే.
మూడింతల దాకా వెయ్యొచ్చట,
తక్కువే వేశారట.

ఆ వారం అక్క మనవడు ఈవన్ వచ్చి
నా కాగితాలన్నీ నేలమీద పరిచాడు.
గ్యాసు సర్టిఫికెట్టుకి గడువు దాటింది.
పొగ అలారం పసుపు రంగుకి మారి
ఎప్పుడో మూగబోయింది.
ఇన్సూరెన్సులో చీమతలకాయంత అక్షరాల్లో
యజమాని స్వయంగా నివసించాలి అని ఉంది.
ఇన్నేళ్ళలో ఏ రాత్రి అంటుకున్నా
పెన్నీ రాలేది కాదట.
అంటుకోనందుకు ఎవరికి రుణపడ్డానో
వాడి జాబితాలో లేదు.
అద్దె ఒప్పందమేదని అడిగాడు.
చెయ్యి కలిపామన్నాను.
మాటలు నీటిమూటలంటారు,
మా ఊళ్ళో నీటికి కొదవా?

ఏప్రిల్లో బస్టాపులో రోనా.
వేరే ఇల్లు దొరికిందట, ఎండ తగిలే వైపు.
"మీ జరిమానాతోనే అడ్వాన్సు కట్టాను" అంది.
నవ్విందో, సిగ్గుపడిందో,
గొడుగు అడ్డం.
"పథకంలో పడిందని మెసేజు కూడా వచ్చింది."
"మంచిది" అన్నాను,
మంచిదనే అనిపించింది.

పిల్లాడు ఆమె కోటంచు పట్టుకుని
బురదనీట్లో బూటు ముంచుతున్నాడు.
బస్సు వచ్చేదాకా
వాడి వైపు చెవి ఒగ్గి నిలబడ్డాను,
లెక్కపెడదామని.
ఒక్కసారి కూడా దగ్గలేదు.